ఆఖరి సిపాయి ఎవరు?

అందరికీ నమస్కారం. ఈ ఎండలో లష్కర్ నుంచి, అంటే సికింద్రాబాద్ నుంచి కూడా వచ్చారు, సంతోషం.

ఇంగ్లండ్‌లో హ్యారీ ప్యాచ్ అని ఒక ప్లంబర్ ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో బెల్జియంలోని పాషన్‌డేల్ బురదలో లూయిస్ గన్ అనే మెషిన్ గన్ జట్టులో పోరాడాడు. సెప్టెంబరు 22న ఒక గుండు పేలి ఆయన జట్టులో ముగ్గురు పోయారు, ఈయన గాయంతో బయటపడ్డాడు. ఇంటికొచ్చి పైపులు బిగించుకుంటూ బతికాడు. ఎనభై ఏళ్లు ఆ ఊసే ఎత్తలేదు. వందేళ్లు నిండాక అడిగితే నోరు విప్పాడు. 2009 జులై 25న, 111 ఏళ్ల వయసులో పోయాడు. కందకాల్లో పోరాడినవాళ్లలో ఆయనే ఆఖరు.

2011లో అదే యుద్ధంలో పనిచేసిన నావికుడు క్లాడ్ చౌల్స్ పోయాడు. ఆ తర్వాతి ఏడాది ఫ్లోరెన్స్ గ్రీన్. ఆమె తుపాకీ పట్టలేదు, ఆఫీసర్ల మెస్‌లో వడ్డించింది. నాకు ఈమె మీదే ఎక్కువ ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ల జాబితా ఆ వడ్డించిన చేతులతో ముగిసింది.

మరి మనవాళ్లో? ఆ యుద్ధానికి పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు, అంటే ఈటెలు పట్టే రౌతులు, గుర్రాలతో పాలస్తీనా దాకా పోయారు. 1918 సెప్టెంబరు 23న అక్కడి హైఫాలో ఈటెలతో దూకింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్లు. మనవాళ్లదీ అదే బ్రిగేడ్. వాళ్ల గుర్తుగా ఢిల్లీ తీన్‌మూర్తిలో నిలిపిన మూడు విగ్రహాల్లో ఒకటి మనది. వాళ్లలో చివరికి మిగిలిందెవరో మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

ఆఖరివాడు అని తేల్చాలంటే ముందు పుట్టినతేదీ కాగితం ఉండాలి కదా. మా ముత్తాతను వయసు అడిగితే "మూసీకి వరదొచ్చినప్పుడు ఇంతున్నా" అని చెయ్యి నడుం దగ్గర పెట్టేవాడట. 1908 వరద అది. ఇంత అంటే ఎంత? ఐదేళ్లా, ఎనిమిదా? ఆ లెక్కతో ఎవరు ముందు, ఎవరు వెనక అని ఎలా చెప్తాం?

1971 యుద్ధానికి వెళ్లిన కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మా వీధిలోనే ఒకాయన ఉన్నారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆయనతో ఒక బ్యాంకుకు వెళ్లాను. బతికున్నానని మిషన్ మీద వేలు పెట్టి రుజువు చేసుకోవాలి. వేలిముద్రలు అరిగిపోయాయి, అది ఒప్పుకోదు. తుడిచి పెట్టారు, నూనె రాసి పెట్టారు. "బోర్డర్‌లో కూడా ఇంత టెన్షన్ పడలేదు బాబూ" అన్నారు నవ్వుతూ.

కుర్చీలో గంటన్నర కూర్చున్నాం. అప్పుడు తనంతట తానే మొదలుపెట్టారు. డిసెంబరు చలి, కాల్పులు ఆగాయని వైర్‌లెస్‌లో వినగానే అందరికన్నా ముందు తను చేసిన పని బూట్లు విప్పి మేజోళ్లు ఉతుక్కోవడమట. పదమూడు రోజుల తర్వాత. పక్కనున్న కుర్రాడు మాత్రం విప్పలేదట, ఎందుకంటే...

అంతలో కౌంటర్లో పిలిచారు. ఈసారి వేలు పడింది. ఆయన రసీదు జేబులో పెట్టుకుని, పాలప్యాకెట్ తీసుకోవాలి పదమన్నారు.