మీ టెరాబైట్‌లో 69 జీబీని ఎవరూ కాజేయలేదు

సభకు నమస్కారం. సమయం తక్కువ కాబట్టి పేరుపేరునా పలకరింపులు వదిలేస్తున్నాను, పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం డిజిటల్ నిల్వ కొలతల మార్పిడి. బిట్ నుంచి పెటాబైట్ దాకా వరసగా చెప్పాలి. 8 బిట్లు ఒక బైట్, ఇక్కడిదాకా పేచీ లేదు. కిలోబైట్ దగ్గరకొచ్చేసరికి మొదలవుతుంది. డిస్కులు చేసేవాళ్లకు కిలో అంటే 1000. మెమరీ చిప్పులు చేసేవాళ్లకు 1024. చిప్పుకు ఒక అడ్రసు లైను, అంటే ఏ గడిలోని సమాచారం కావాలో చెప్పే తీగ, కలిపితే సామర్థ్యం రెట్టింపవుతుంది, పది లైన్లకు 1024 వస్తుంది. ఇద్దరి లెక్కా సరైనదే. రెండింటికీ ఒకే పేరు పెట్టడంతోనే వచ్చింది చిక్కంతా.

కాగితం ఉన్నవాళ్లు తీయండి. 1 టీబీ, అంటే టెరాబైట్, డిస్కు: 1 పక్కన 12 సున్నాల బైట్లు. కిలో, మెగా, గిగా, టెరా అని ఒక్కో మెట్టుకు వెయ్యి రెట్లు. 1024తో భాగిస్తే 97,65,62,500 కిలోబైట్లు. మళ్లీ భాగిస్తే సుమారు 9,53,674 మెగాబైట్లు. ఇంకోసారి భాగిస్తే 931 గిగాబైట్లు, అంటే జీబీ, వెయ్యికి 69 తక్కువ. విండోస్ చూపించేది ఈ 931నే. 1024తో లెక్కగట్టి, పక్కన మాత్రం జీబీ అని రాస్తుంది. చూసినవాళ్లు డిస్కు కంపెనీని తిట్టుకుంటారు. రికవరీ పార్టిషన్, అంటే పాడైతే బాగుచేసుకోవడానికి డిస్కులో విడిగా ఉంచే భాగం, తినేసిందని ఇంకొందరంటారు. అది తినేది వేరే, ఈ 69లో దానికి వాటా లేదు. అదే డిస్కును మాక్‌కు తగిలిస్తే 1 టీబీ అనే చూపిస్తుంది, 2009 నుంచి అది వెయ్యి లెక్కకు మారింది.

దీనికి మందు లేక కాదు. 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అని వేరే పేర్లను ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లోనే ఖాయం చేసింది. వాడేదెవరు? లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొన్ని పనిముట్ల లాంటివి వాడతాయి. కిలో దగ్గర తేడా 2.4 శాతమే కదా అని ఊరుకున్నారు. మెగాకు 4.9, గిగాకు 7.4, టెరాకొచ్చేసరికి దాదాపు 10. మెట్టెక్కినకొద్దీ తేడా పెరుగుతుందండీ!

ఇక ఫ్లాపీ, అదే పాతకాలపు పలచటి డిస్కు, సంగతి చెప్పకుండా ఉండలేను. దానిమీద 1.44 ఎంబీ అని ఉండేది. లోపల 512 బైట్ల సెక్టార్లు, అంటే గడులు, 2,880, మొత్తం 14,74,560 బైట్లు. వెయ్యి లెక్కలో 1.47, 1024 లెక్కలో 1.41. మరి 1.44 ఎక్కడిది? ఒకసారి 1024తో, ఇంకోసారి 1000తో భాగించారు! రెండు లెక్కల్నీ కలిపి ఒక అంకె పుట్టించి, దాన్నే లేబులు మీద అచ్చేశారు.

పెటాబైట్ దాకా వెళ్లేలా లేను, పనికొచ్చేది చెబుతాను. మార్చేముందు బైట్లలోకి దిగండి. విండోస్‌లో ఫైలు మీద ప్రాపర్టీస్ తెరిస్తే బ్రాకెట్లో పూర్తి బైట్ల సంఖ్య ఉంటుంది, దాన్నే నమ్మండి. 500 జీబీ డిస్కులో 500 జీబీ వర్చువల్ డిస్కు, అంటే ఫైలు రూపంలో ఉండే ఉత్తుత్తి డిస్కు, పెట్టబోతే, ఆ సాఫ్ట్‌వేర్ 1024 లెక్కదైతే 537 జీబీ అడుగుతుంది. సగం పనయ్యాక చోటు లేదంటుంది.

నెట్ వేగం మరో తిరకాసు. 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 100 మెగాబిట్లు, ఇందులో బీ అంటే బిట్, 8తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. విండోస్‌లో 6 జీబీ అని కనిపించే ఫైలు దిగడానికి నిమిషం చాలనుకుంటారు. లైను నిండుగా నడిచినా 515 సెకన్లు పడుతుంది.

వెనక వరసలో చెయ్యెత్తినవారు పెన్‌డ్రైవ్ గురించే అడగబోతున్నారనుకుంటా. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో పాతదైన ఫ్యాట్32లో ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లు దాటకూడదు. మాక్ 4.2 జీబీ అని చూపే ఫైలు అందులో పడుతుంది. విండోస్ 4.2 జీబీ అని చూపేది పట్టదు, అది దాదాపు 451 కోట్ల బైట్లు. డ్రైవులో ఎంత ఖాళీ ఉన్నా అంతే. ఈ అడ్డు లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి ఫార్మాట్ చేసుకోండి, ఉన్న ఫైళ్లు ముందుగా వేరేచోట దాచుకుని.