అంత పెద్ద దొర వసారా మర్చిపోయాడు! చండీగఢ్‌లో మా విజయనగరం మేస్త్రీ తీర్పు

నమస్తే, నమస్తే, నమస్తే! ముందు అసలు మాట చెప్పేస్తాను, మైకు తర్వాత సర్దుకుంటాను. లె కార్బూజియే, చండీగఢ్ ఊరికి ప్లాను గీసిన ఫ్రెంచి ఆర్కిటెక్టు. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు దేవుడి పటం పక్కన పెట్టుకునే పేరు. ఆయన చండీగఢ్‌లో హైకోర్టు కట్టాడు. కట్టి, ఒకటో నంబరు కోర్టు గది ముందు వసారా మర్చిపోయాడు. వసారా అండీ! నెల్లిమర్లలో రెండు సెంట్ల జాగాలో ఇల్లు కట్టుకునేవాడు కూడా పంచాంగం చూడకముందే "ముందు వసారాకి ఎంత వదులుదాం" అని అడుగుతాడు. అది ఆయనకి తట్టలేదు.

పోయిన షార్ట్‌లో ఇదే ముక్క అంటే నామీద పడిపోయారు. "నీకేం తెలుసు, విజయనగరం గంటస్తంభం దాటి ఎప్పుడైనా వెళ్లావా" అన్నారు. వెళ్లాను. సమతా ఎక్స్‌ప్రెస్‌లో మన స్టేషన్లో ఎక్కి, నిజాముద్దీన్‌లో దిగి, అక్కడినుంచి ఇంకో బండి పట్టుకుని వెళ్లాను. ఒక్కణ్ణే కాదు, మా మావయ్యని కూడా తీసుకెళ్లాను. మావయ్య తాపీ మేస్త్రీ. గజపతినగరం చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాడు. నా మాట నమ్మకపోతే పోయారు, ఆయన తాపీని నమ్మండి.

ఈ వసారా మీద కోర్టు కేసే నడిచింది, రెండు ముక్కల్లో చెప్పి వెళ్లిపోతాను. ఆ హైకోర్టులో రెండో నంబరు నుంచి తొమ్మిదో నంబరు దాకా కోర్టు గదుల ముందు వసారా ఉంది. ఒకటో నంబరు ముందు లేదు. 2024 నవంబరులో హైకోర్టే చండీగఢ్ యంత్రాంగానికి చెప్పింది, అక్కడ కూడా వసారా వెయ్యండని. వాళ్లేమో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన కట్టడం, ముట్టుకుంటే ఆ హోదాకి ఇబ్బంది అని సుప్రీంకోర్టుకెళ్లారు. 2025 మేలో సుప్రీంకోర్టు హైకోర్టు మాటే నిలబెట్టింది. వసారా వేస్తే యునెస్కో నిబంధనలకి వచ్చిన భంగం ఏమీ లేదంది. ఆ భవనం వాడకంలోకి వచ్చింది 1955లో. అంటే 70 ఏళ్లు! డెబ్బై ఏళ్ల తర్వాత, దేశంలో ఇంక పై కోర్టు లేదు కాబట్టి ఆగింది గానీ, లేకపోతే ఇంకా పైకి వెళ్లేదే. దేనికోసం? వానొస్తే తల దాచుకునే జాగా కోసం!

సరే, ఇప్పుడు లోపలికి పదండి. హైకోర్టు, సెక్రటేరియట్, అసెంబ్లీ, ఈ మూడూ ఉండే చోటుని కాపిటల్ కాంప్లెక్స్ అంటారు. గుర్తింపు కార్డు చూపించి పేరు రాయించుకుంటే గైడు వెంటబెట్టుకుని తిప్పుతాడు. తుపాకులు పట్టుకున్న జవాన్లు అడుగడుక్కీ ఉంటారు. మావయ్య పంచె మడిచి కట్టుకుని నడుస్తుంటే ఒకాయన రెండుసార్లు ఆపి చూశాడు. బొడ్లో ఉన్నది బాంబు కాదు బాబూ, పొగాకు!

మొదట హైకోర్టు. న్యాయంగా చెప్పాలంటే... గుండె ఆగిపోద్ది. మూడు స్తంభాలు, ఆకాశాన్ని మోస్తున్నట్టు. ఒకటి పచ్చ, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. పైన ఒక కప్పు కాదు, రెండు కప్పులు. కింద మామూలు స్లాబు, దానిపైన గొడుగు పట్టినట్టు కమానుల కప్పు, రెంటికీ మధ్య గాలి ఆడే ఖాళీ. ఎండంతా పై కప్పు తింటుంది, కింద గది చల్లగా ఉంటుంది. గోడ ముందు లోతైన కాంక్రీటు గూళ్లు, ఎండ నేరుగా అద్దానికి తగలకుండా. ఫ్రెంచివాళ్లు దీన్ని బ్రీజ్ సొలేయ్ అంటారు, ఎండని విరిచేది అని అర్థం. మావయ్య కాసేపు తలెత్తి చూసి, "సన్‌షేడునే నిలువునా అడ్డంగా పేర్సీసినాడు, బుర్రున్నోడే" అన్నాడు. మా మావయ్య నోట్లోంచి మెప్పు రావడం పైడితల్లమ్మ సిరిమాను లాంటిది, ఏడాదికి ఒక్కసారి.

తర్వాత గోడ దగ్గరికెళ్లి చేత్తో నిమిరాడు. అక్కడ ప్లాస్టరింగ్ ఉండదు. సెంట్రింగ్ విప్పాక అచ్చు ఎలా పడిందో అలాగే వదిలేశారు. గీతలు, అతుకులు, గుంటలు, అన్నీ కనబడతాయి. అదే ఆయన గొప్పతనం అంటారు. మావయ్య నన్ను పక్కకి లాగి గొంతు తగ్గించి, "పూత పని మద్దిలో ఒగ్గీసినారేట్రా, డబ్బులు సాల్నేదా?" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. గైడు ఏంటని అడిగితే చెప్పలేకపోయాను. నవ్వాక ఆలోచించాను. ఆ కాంక్రీటు తట్టలకెత్తి నెత్తిన మోసింది ఆడకూలీలు. పాత ఫొటోల్లో కనబడతారు, చీర కొంగు దోపుకుని వెదురు నిచ్చెనల దగ్గర. ఆ అచ్చుల్లో కనబడే ప్రతి గుంటా ఒకరి చేతి పని. దాన్ని చూడగానే గుర్తుపట్టింది మాత్రం మావయ్య.

ఇప్పుడు అసలు విషయం. హైకోర్టు నుంచి అసెంబ్లీకి నడిచి వెళ్లాలి. 400 మీటర్ల పైమాటే. మధ్యలో ఏముంది? కాంక్రీటు మైదానం. చెట్టు లేదు, చూరు లేదు, పందిరి లేదు. మేము వెళ్లింది మే నెలలో. మన పెద్ద చెరువు గట్టుమీద మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా నడిచారా ఎప్పుడైనా? అదీ అక్కడి సంగతి. గోడలకి గొడుగు పట్టినవాడు, స్లాబుకి గొడుగు పట్టినవాడు, మనిషికి పట్టలేదు! అక్కడే మావయ్య మైదానం మధ్యలో ఆగిపోయి, తువ్వాలు నెత్తినేసుకుని, గట్టిగా అన్న మాట ఈ వీడియోకి టైటిల్ అయ్యింది. "ఇంత కట్టీసి వసారా మర్సిపోనాడేట్రా ఆ దొర!"

నా థియరీ ఏమిటంటే, కాస్త వినండి, మీకు నచ్చినా నచ్చకపోయినా నాకు మాత్రం ఇదే నిజం. కార్బూజియే చండీగఢ్‌లో కాపురం లేడు. ఒప్పందం ప్రకారం ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా ఓ నెల. మిగతాదంతా పారిస్‌లో కూర్చుని గీసినదే. వాయిదాకి వచ్చి, పిలుపు కోసం తలుపు బయట మూడు గంటలు నిలబడ్డవాడికి కదా వసారా అంటే ఏమిటో తెలిసేది! ఆషాఢంలో ఈదురుగాలి కొడితే జల్లు ఎంత దూరం లోపలికొస్తుందో తడిసినవాడికి తెలుస్తుంది. కాగితమ్మీద వాన పడదు కదండీ.

రుజువు కావాలా? కార్బూజియేకి తమ్ముడి వరస, ఆయనా ఆర్కిటెక్టే, పియర్ జానరే. అక్కడే ఉండిపోయాడు, 1965 దాకా. గుమస్తాలకి, చిన్న ఉద్యోగులకి ఇళ్లు గీసింది ఆయన, ఇంగ్లండు ఆర్కిటెక్టు దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, వాళ్లతో పనిచేసిన మన ఇండియన్ ఆర్కిటెక్టులు. సెక్టార్లలో, అంటే అక్కడి పేటల్లో, తిరుగుతూ ఆ ఇళ్లు చూశాం. ఇటుకతో జాలీలు, మెట్ల మీద నీడ, గుమ్మం ముందు కాస్త లోపలికి జరిపిన జాగా. మావయ్య ఒక ఇంటి ముందు నిలబడి, "ఈ కట్టినోడు మనూరొచ్చాడేట్రా?" అన్నాడు. రాలేదు మావయ్యా, కానీ వాళ్లూరిలో ఉన్నాడు. చనిపోయాక జానరే అస్థికలు అక్కడి సుఖ్నా చెరువులోనే కలిపారు. కాపురం చేసినవాడికీ చుట్టపుచూపుగా వచ్చినవాడికీ తేడా ఇదే, నా థియరీ మొత్తం ఇంతే.

ఆ జానరే పేరు వచ్చింది కాబట్టి కుర్చీ కథ చెప్పకుండా వదలను. అక్కడి ఆఫీసులకి టేకు కర్ర, పేము అల్లికతో కుర్చీలు చేయించారు. పాతబడ్డాక ఆఫీసులవాళ్లు వాటిని డాబా మీద పడేశారు, తుక్కు కింద వేలం వేసేశారు. విదేశీ వ్యాపారులు వచ్చి చవగ్గా కొనుక్కుపోయి, అక్కడి వేలంపాటల్లో లక్షలకి లక్షలు పలికించారు. 2011లో హోం శాఖ కళ్లు తెరిచి, ఇక అమ్మొద్దు, బయటికి పంపొద్దు అంది. ఇది విన్నప్పటినుంచి మావయ్య ప్రతి ఆఫీసులోనూ కుర్చీ తిరగేసి కింద చూస్తున్నాడు. మొన్న మనూళ్లో ఒక బ్యాంకులో సెక్యూరిటీ అతను లేపేశాడు కూడా.

ఆ మైదానంలోనే ఇంకో వింత ఉంది. నీడల గోపురం అంటారు. నాలుగు వైపులా తెరిచే ఉంటుంది కానీ, ఎండని ఎలా కావాలంటే అలా ఆపొచ్చని చూపించడానికే కట్టింది. సూర్యుణ్ణి రానివ్వకుండా ఒక మండపం! నాకు వెంటనే అరసవల్లి గుర్తొచ్చింది. మన సూర్యనారాయణమూర్తి గుళ్లో మార్చిలో, అక్టోబరులో ఆ కొద్ది రోజులూ పొద్దున్నే కిరణం వచ్చి స్వామి పాదాలు తాకుతుంది కదా. అక్కడ ఎండని ఆపడానికి లెక్క, ఇక్కడ ఎండని పిలవడానికి లెక్క. పుస్తకాలు మొదటిదాన్నే ఆధునికం అంటాయి. ఎందుకో మీరే చెప్పండి, నేను మాట్లాడితే మళ్లీ గొడవ.

అసెంబ్లీ గురించి చెడు చెప్పను. ముందు పెద్ద దోనెలాంటి కప్పు, సన్నటి గోడల మీద నిలబెట్టాడు. లోపలి సభ పైకప్పు కరెంటు ప్లాంటుల్లో కూలింగ్ టవర్ ఉంటుంది చూశారా, నడుం సన్నగా, ఆ ఆకారం. అహ్మదాబాద్‌లో ఒకటి చూసి తెచ్చుకున్న ఆలోచన అంటారు. మావయ్య ఆ దోనె కిందే పావుగంట కూర్చున్నాడు. ఆ నీడల గోపురం వదిలేస్తే, ఆ మైదానం మొత్తంలో మాకు దొరికిన నీడ అదొక్కటే.

పోనీ చండీగఢ్‌లో నీడే లేదా అంటే, ఉంది! రోడ్లన్నీ చెట్లే. ఏ రోడ్డుకి ఏ చెట్టు అని ఎంచి నాటించడంలో ముఖ్యుడు మొక్కల శాస్త్రం తెలిసిన అధికారి ఎం.ఎస్. రంధావా. పక్కనే రాక్ గార్డెన్. రోడ్ ఇన్‌స్పెక్టర్ నేక్ చంద్, ఎవరికీ చెప్పకుండా 1957 నుంచి అడవిలో దాచి దాచి, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో కట్టుకున్న లోకం. పర్మిషన్ లేదు, ప్లానూ లేదు. అడుగడుక్కీ గోడ వారన కూర్చోవడానికి చోటు. ఆదివారం జనం ఎక్కడున్నారో తెలుసా? యునెస్కో మైదానంలో మేమిద్దరం, గైడు, నలుగురు విదేశీయులు. నేక్ చంద్ దగ్గర తిరునాళ్లు!

ఇప్పుడు మనూరికి వద్దాం. శ్రీకాకుళం తీరంలో చుట్టిళ్లు చూసే ఉంటారు. మట్టి గోడ, తాటాకు కప్పు, చూరు మోకాళ్ల దాకా దిగి ఉంటుంది. లోపలికెళ్లాలంటే వంగాల్సిందే. గాలి గుండ్రంగా జారిపోతుంది, జల్లు గోడని తాకదు. దానికి ఆర్కిటెక్టు ఎవరు? ఏ యునెస్కో వచ్చింది? మనమేమో వాటిని వదిలేసి, ముందంతా అద్దాలు, ప్లాస్టిక్ రంగు రేకులు. హుద్‌హుద్ 2014లో వచ్చినప్పుడు అద్దాలు ఎలా రాలాయో అందరం చూశాం. చూసి ఏం చేశాం? మళ్లీ అద్దాలే వేశాం, ఈసారి నీలం రంగువి! లోపల ఏసీ, బయట గుమ్మం ముందు అడుగు కూడా చూరు ఉండదు. వానొస్తే కస్టమరు రోడ్డుకి అవతల టీకొట్టు టార్పాలిన్ కింద నిలబడతాడు. కార్బూజియేకి కనీసం ఎండ అంటే భయం ఉంది, మనకి అదీ లేదు.

ఇదంతా ఆ రోజు తిరిగొస్తూ రైల్లో ఊగిపోతూ మావయ్యకి చెబుతున్నాను. రాయగడ దాటింది. మావయ్య పొగాకు నలుపుకుంటూ అంతా విన్నాడు. విని, "అన్నీ బావున్నాయిరా అల్లుడూ, మరి మీ నాన్న వసారా ఎందుకు మూసీసినాడు?" అన్నాడు.

(ఇదిగో ఫొటో, నవ్వకండి.) ఇది మా ఇల్లే. మా తాతయ్య కట్టిన వసారా. ఈ అరుగు మీదే ఆయన పేపరు చదివేవాడు. రెండేళ్ల కిందట మా నాన్న ముందు గోడ కట్టించి, షట్టరు పెట్టించి, సెల్‌ఫోన్ రీచార్జి కొట్టుకి అద్దెకిచ్చాడు. ఆ గోడ కట్టింది కూడా మావయ్యే! అడిగితే, "మీ నాన్న కూలిచ్చినాడు, కట్టినాను" అన్నాడు.

కొట్టు అగ్రిమెంటు మార్చి దాకా ఉంది. నాన్న ఇంకా ఒప్పుకోలేదు. మావయ్య మాత్రం చండీగఢ్ టూరిస్టు మ్యాపు వెనకాల ఎస్టిమేటు వేసేశాడు. గోడ పడగొట్టడానికి ఒక రోజు, ఇద్దరు కూలీలు, రెండు కర్ర స్తంభాలు. ప్లాస్టరింగ్ చేద్దామా వదిలేద్దామా అని నన్నడిగాడు.