జార్జ్ రాజు పేరున్న ఈ కీ రైలు ఎక్కడ పుట్టింది? | పాత బొమ్మ రైలు రివ్యూ

నమస్కారమండీ. ఈరోజు రివ్యూ చేసేది కొత్త వస్తువు కాదు, వందేళ్లు దాటిన రేకు ఇంజన్.

నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. ఇక్కడ ఆదివారాలు కార్ బూట్ సేల్ అని జరుగుతుంది. ఇంట్లో పాత సామాన్లు కారు డిక్కీలో తెచ్చి అమ్ముకునే సంత అన్నమాట. అక్కడ ఒక పెద్దావిడ దగ్గర 40 పౌండ్లకు కొన్నాను. కీ లేదు, టెండర్‌కు, అంటే ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండికి, ఒక చక్రం లేదు, అందుకే ఆ ధరకు వచ్చింది. "మా పెదనాన్నది, ఇంగ్లీషు బొమ్మే" అన్నారావిడ.

ఆవిడ అలా అనుకోవడం సహజమే. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. పెద్ద చక్రాన్ని కప్పే ఈ రేకు మీద "జార్జ్ ది ఫిఫ్త్" అని ఉంది. నంబరు 2663. నల్ల రంగు మీద సన్నటి ఎర్ర గీతలు. ఇవేవీ ఊహించి వేసినవి కావు. ఈ పేరుతో, ఈ నంబరుతో నిజమైన ఇంజన్ ఉండేది. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే వాళ్లు 1910లో క్రూ అనే ఊళ్లోని తమ వర్క్‌షాపులో తయారు చేశారు. ఐదో జార్జ్ రాజైంది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడాది ఢిల్లీ దర్బారుకు వచ్చింది ఈయనే. అంటే మన బొమ్మ 1910 కంటే పాతది అయ్యే వీల్లేదు. 1923లో ఆ రైల్వే కంపెనీ వేరే కంపెనీలతో కలిసిపోయింది. కాబట్టి వెతకాల్సింది ఈ మధ్య కాలంలోనే.

ఇంతవరకూ తేలిగ్గానే తెలిసింది. టెండర్ శుభ్రం చేస్తుంటే అసలు సంగతి బయటపడింది. నీళ్లు, సబ్బు ఏమీ వాడలేదు, మెత్తటి పొడి బ్రష్ ఒక్కటే. వెనక వైపు మురికి కింద గోరంత ముద్ర కనిపించింది. డైమండ్ ఆకారం, లోపల మూడు అక్షరాలు: జి, బి, ఎన్. భూతద్దం పెట్టి చదివాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

గెబ్రూడర్ బింగ్, న్యూరెంబర్గ్. అంటే బింగ్ సోదరులు. ఇది జర్మనీ బొమ్మండీ! అప్పట్లో ప్రపంచంలోని అతి పెద్ద బొమ్మల కంపెనీల్లో అదొకటి. ఇంగ్లండ్ రాజు పేరు, ఇంగ్లండ్ రైల్వే నంబరు జర్మనీలో వేశారన్నమాట.

దీని వెనక ఒక స్నేహం ఉంది. నార్తాంప్టన్‌లో బాసెట్-లోక్ అనే మోడల్ రైళ్ల వ్యాపారి ఉండేవారు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఆయనకు స్టీఫాన్ బింగ్ పరిచయమయ్యారు. ఇంగ్లండ్ పిల్లలకు తమ ఊరి స్టేషన్లో కనిపించే ఇంజన్లే కావాలి కదా. ఆ డిజైన్లు ఇక్కడ హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీర్ గీసేవారు, రేకు పని న్యూరెంబర్గ్‌లో జరిగేది, బాసెట్-లోక్ ఇక్కడ అమ్మేవారు. 1914లో యుద్ధం రావడంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. యుద్ధం అయ్యాక మళ్లీ మొదలైనా, 1920లలో బింగ్ ముద్ర "బి.డబ్ల్యు."గా మారింది. అందుకే నా అంచనాలో ఇది యుద్ధానికి ముందుదే.

ఇప్పుడు పనితనం చూద్దాం. ఈ రేకు చెవులు చూశారా? ఒక రేకు చెవిని ఇంకో రేకు కంతలో దూర్చి మడిచారు. ఇన్నేళ్లయినా ఒక్కటీ ఊడలేదు. రివెట్లు కూడా ఒక్కొక్కటిగా అచ్చు వేసి చూపించారు. మీరు ఇలాంటిది కొంటే ముందు ఈ చెవులు చూడండి. విరిగి ఉంటే వదిలేయండి. కీ పోయినా ఫరవాలేదు, సైజు చూసుకుంటే వేరేది దొరుకుతుంది. నాకూ అలాగే దొరికింది. కొత్త పెయింట్ మాత్రం దయచేసి వేయకండి, దాని చరిత్ర అంతా ఆ పాత రంగులోనే ఉంది. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, అందుకని చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు.

మొన్న నార్తాంప్టన్ వెళ్లొచ్చాను. 78 డెర్న్‌గేట్ అని బాసెట్-లోక్ ఇల్లు, ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. స్టీఫాన్ బింగ్ యూదుడు. నాజీల కాలంలో జర్మనీ వదిలి ఆయన చేరింది కూడా ఈ ఇంగ్లండ్‌కే. ఆ ఇంటి ముందు నిలబడినప్పుడు ఈ ఇంజన్ నా బ్యాగులోనే ఉంది.

సరే, నడిపి చూద్దాం. పట్టాల మధ్య వెడల్పు 32 మిల్లీమీటర్లు. ఇరుసులకు ఒక్కో చుక్క నూనె వేశాను. స్ప్రింగ్ పాతది కాబట్టి పూర్తిగా బిగించను, ఆరు చుట్లు చాలు. కిర్... కిర్... ఆ శబ్దం వింటున్నారా? టెండర్ తగిలించట్లేదు, చక్రం లేదు కదా. ఇదిగో, వదిలేస్తున్నాను.