అద్దెకు వచ్చిన హీరోలు

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరు మారతహళ్లిలో మేముండే ఇంటికి పదకొండు నెలల అగ్రిమెంట్. గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలి. ఈ ఊళ్లో అద్దెకుండే మన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మా అబ్బాయి ఆడే వీడియో గేమ్‌లోకి వేరే గేమ్ హీరో వచ్చి ఫైట్ చేస్తుంటే నాకు ఆ అగ్రిమెంటే గుర్తొస్తుంది. ఆ హీరో ఈ గేమ్ వాళ్ల సొంతం కాదు, అద్దెకు తెచ్చుకున్నవాడు.

సినిమాలో అతిథి పాత్రంటే నటుడు సరేనంటే దాదాపు పని అయిపోయినట్టే. గేమ్‌లో బొమ్మ తనంతట తాను సరేననలేదు కదా, దాని ఓనర్లు అనాలి. జపాన్ గేమ్ కంపెనీ నింటెండో వాళ్ల ఫైటింగ్ గేమ్ సూపర్ స్మాష్ బ్రదర్స్‌లోకి బయటి కంపెనీల హీరోలు స్నేక్, సోనిక్ మొదటిసారి వచ్చింది 2008లో. తర్వాత 2015లో ఎవరు కావాలని ఆటగాళ్లను అడిగితే అందరికంటే ఎక్కువ ఓట్లు సోరాకు పడ్డాయి. కింగ్‌డమ్ హార్ట్స్ గేమ్‌లోని కుర్రాడు. అతను రావాలంటే ఆ గేమ్ వెనకున్న రెండు కంపెనీలు, డిస్నీ, స్క్వేర్ ఎనిక్స్, ఇద్దరూ ఒప్పుకోవాలి. చివరికి 2021 అక్టోబరులో వచ్చాడు. ఆరేళ్లు! ఈ ఆలస్యం నాకు తప్పనిపించదు. ఎవరో ఏళ్ల తరబడి పెంచుకున్న పాత్రను అడగ్గానే ఇచ్చేయరు. నడక ఎలా ఉండాలి, ఏ దెబ్బ కొట్టొచ్చు, ఏ మాట అనకూడదు, అన్నీ చూసుకుంటారు. చూసుకోవాలి కూడా.

ఏ మెషీన్ మీద కనపడాలన్నది ఇంకో పేచీ. 2003లో సోల్ క్యాలిబర్ 2 అనే ఫైటింగ్ గేమ్ ఇళ్లకు వచ్చినప్పుడు నింటెండో మెషీన్‌లో వాళ్ల సొంత హీరో లింక్, ఎక్స్‌బాక్స్ మెషీన్‌లో కామిక్స్ హీరో స్పాన్ అతిథులుగా ఉండేవారు. పదేళ్ల తర్వాత అదే గేమ్‌ను కొత్తగా మెరుగుపరిచి వేరే మెషీన్లకు తెస్తే అందులో లింక్ లేడు.

నాకు నిజంగా బాధ కలిగించేది గడువు. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2లో మార్వెల్ కామిక్స్ హీరోలు, క్యాప్‌కామ్ కంపెనీ గేముల హీరోలు కలిపి 56 మంది ఫైటర్లు. మా తమ్ముడు కాలేజీ రోజుల్లో ప్రాణం పెట్టి ఆడిన గేమ్. లైసెన్స్ తీరిపోవడంతో 2013 డిసెంబరులో దాన్ని ఆన్‌లైన్ షాపుల్లోంచి తీసేశారు. గేమ్ బాగుంది, అడిగేవాళ్లున్నారు, అయినా అమ్మడానికి లేదు. ఇల్లు ఖాళీ చేసేముందు మనకు నోటీసైనా ఇస్తారు. గేమ్ కొనే పిల్లాడికి ఆ తేదీ ముందే ఎందుకు చెప్పకూడదు? కవర్ మీద ఒక్క లైను రాస్తే చాలు.

ఈ ఊళ్లో గేములు తయారు చేస్తున్న మన పిల్లలకు ఒక మాట. ఇలాంటి లైసెన్స్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు గడువు ఎక్కడ రాశారో వెతకండి. రాయకపోతే ఐదేళ్లనీ, ఏ ప్రాంతానికో చెప్పకపోతే ఇండియా వరకేననీ మన 1957 కాపీరైట్ చట్టం లెక్కగడుతుంది. విదేశాల్లో అమ్ముదామనుకున్నవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

తమ్ముడి గేమ్ 2024 సెప్టెంబరులో మళ్లీ అమ్మకానికి వచ్చింది. మధ్యలో పదేళ్లు దాటిపోయాయి. సంక్రాంతి సెలవుల్లో వాడూ మా అబ్బాయీ రాత్రి రెండింటిదాకా ఆడుతూ కూర్చున్నారు. నేను కేకలేయలేదు.

సెలవు.