వెనక లిఫ్ట్ చేశారు సరే, షాకుల సంగతేంటి?

నమస్తే అండి. నా చేతిలో ఉన్నది నా పికప్ వెనక షాక్, అంటే షాక్ అబ్జార్బర్. రాడ్ చుట్టూ ఆ నూనె తడి కనిపిస్తోందా? బండి వెనక భాగాన్ని ఎత్తు లేపి (లిఫ్ట్ అంటే అదే) ఇది వేసి నెల కూడా కాలేదు. డబ్బా మీద "2 నుంచి 4 ఇంచుల లిఫ్ట్‌కి" అని ఉంది. నేను లేపింది 2 ఇంచులే కదా, ఇంకేం చూడాలి అనుకున్నా. బరువు వేసుకుని స్పీడ్ బ్రేకర్ దిగగానే ఠంగుమని మోత. షాక్ పూర్తిగా ముడుచుకుపోయి, లోపల పిస్టన్ వెళ్లి అడుక్కి కొట్టుకుంది. నాలుగైదు సార్లు అలా తగిలేసరికి నూనె కారకుండా ఆపే సీల్ పోయింది. షాక్‌లో లోపమేమీ లేదు, డబ్బా చదివి కొన్న నాదే తప్పు.

ఒక మాట ముందే చెప్తాను. వెనక కమాను కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉన్న బండిలో బరువు మోసేది కట్టలే, షాక్ కాదు. కమాను ఊగకుండా పట్టి ఉంచడమే షాక్ పని. అందుకని ఎన్ని ఇంచులు లేపారన్నది సగం లెక్కే. ఎలా లేపారన్నది మిగతా సగం. షాపులో ఆ రెండో ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

కమాను కట్టకీ యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసు) మధ్య బ్లాక్, అంటే లోహపు దిమ్మ, పెట్టారనుకోండి. కమాను గట్టిదనం ఏమీ మారదు. కాబట్టి షాక్ మరీ గట్టిది అక్కర్లేదు, పొడవు సరిపోతే చాలు. కట్టలో అదనపు పట్టీ వేశారా? అప్పుడు కమాను గట్టిపడింది, తిరిగి పైకి తన్నే జోరు పెరిగింది. దాన్ని అణచాలంటే సాగేటప్పుడు ఎక్కువ పట్టు ఇచ్చే షాక్ కావాలి. ఖాళీ బండి వెనక ఎగిరెగిరి పడుతుంటే చాలామంది షాక్‌ని తిడతారు, చాలాసార్లు కారణం ఆ పట్టీయే. ఇక కమాను చివరని బండి చట్రానికి కలిపే లింకు, అదే షాకిల్, పొడవాటిది వేసినవాళ్లకి, షాకిల్ ఎంత పెరిగితే యాక్సిల్ దగ్గర ఎత్తు దాదాపు అందులో సగమే పెరుగుతుంది. 2 ఇంచుల షాకిల్ వేసి 2 ఇంచుల లిఫ్ట్ లెక్కన షాక్ కొనకండి.

ఇప్పుడు టేప్ తీసుకోండి. బండి నేల మీద మామూలుగా నిలబడి ఉండగా షాక్ పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా కొలవండి. నాకు 20 ఇంచులు వచ్చింది. తర్వాత బంప్ స్టాప్ రబ్బరుకీ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపేది), అది తగిలే చోటుకీ మధ్య ఖాళీ చూడండి. నాకు 4 ఇంచులు. అంటే యాక్సిల్ పూర్తిగా పైకొస్తే షాక్‌కి మిగిలేది సుమారు 16. రబ్బరు కూడా నలుగుతుంది కాబట్టి ఇంకో ముప్పావు ఇంచు వదిలేయాలి. ముడిచిన పొడవు 15.25 దాటిన షాక్ నా బండికి పనికిరాదు. మొదట కొన్నదానికి అది 17 ఉంది! ఇంక తగలక ఏం చేస్తుంది?

మూడో కొలతకి ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, షాకులు విప్పి, యాక్సిల్‌ని మెల్లగా వేలాడనివ్వండి. ఉత్తి జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం దూరకండి. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు బిగుసుకుంటున్నాయేమో అప్పుడే చూసుకోండి. నాకు 25 వచ్చింది, అంటే సాగిన పొడవు కనీసం 25.5 ఉండాలి. తక్కువైతే గోతిలో దిగినప్పుడల్లా యాక్సిల్ బరువంతా షాక్ మీద వేలాడుతుంది.

బ్లాక్ పెట్టినవాళ్లు ఇక్కడ కొంచెం ఆగండి. యాక్సిల్ 2 ఇంచులు కిందికి దిగింది, బంప్ స్టాప్ మాత్రం పాత చోటే ఉంది. యాక్సిల్ పాత ఎత్తు దాకా పైకొస్తే కమాను ఇదివరకటి కంటే 2 ఇంచులు ఎక్కువ వంగుతుంది, షాక్ కూడా పాతదంత చిన్నగా ముడుచుకోవాలి. బంప్ స్టాప్‌ని కూడా 2 ఇంచులు కిందికి దించితే కమానుకి రక్షణ, మీకు పొడవాటి షాక్ పెట్టే వీలు. నేను ఆ పని చేయలేదు, అందుకే ఇందాకటి ఠంగు.

వెనక షాకులు వాలుగా ఉంటాయి కాబట్టి యాక్సిల్ కదిలినంతా షాక్ కదలదు. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలితే ఇంచుకి సుమారు 0.87 ఇంచే. కొన్ని పికప్‌లలో ఒక షాక్ యాక్సిల్‌కి ముందు, రెండోది వెనక ఉంటాయి. అలాంటి బండికి రెండు వైపులా కొలవండి.

ఏ రకం కొనాలి? ట్విన్ ట్యూబ్ అంటే గొట్టంలో గొట్టం. ఖాళీ బండికి మెత్తగా ఉంటుంది, పైన రాయి తగిలి కాస్త సొట్ట పడినా నడిచిపోతుంది. కానీ గతుకుల రోడ్డు మీద గంటల తరబడి నడిస్తే నూనె వేడెక్కి, నురగొచ్చి, పట్టు తగ్గుతుంది. మోనో ట్యూబ్‌లో ఒకటే గొట్టం, అందులో నూనె, నైట్రోజన్ వేరువేరు అరల్లో ఉంటాయి, వేడి బయటికి తొందరగా పోతుంది. అయితే సొట్ట పడితే పిస్టన్ నేరుగా దానికే రాసుకుంటుంది. నేనిప్పుడు వేసింది బిల్‌స్టైన్ 5100, మోనో ట్యూబ్. ఖాళీగా వెళ్లేటప్పుడు చిన్న చిన్న గతుకులు నడుముకి తెలుస్తాయి, నిజమే చెప్తున్నా. బరువు వేసి మలుపు తిప్పితే మాత్రం బండి ఒక్క ఊపు ఊగి నిలబడిపోతుంది. రోజూ ఖాళీగా తిరిగేవాళ్లకి నేనైతే ట్విన్ ట్యూబే చెప్తా. రాంచో ఆర్‌ఎస్9000ఎక్స్‌ఎల్ లాంటి వాటిలో 9 స్థాయిల్లో గట్టిదనం మార్చుకోవచ్చు, బరువు రోజుకో రకంగా ఉండేవాళ్లకి అది నయం. విడిగా నూనె డబ్బా వేలాడే రిజర్వాయర్ రకం రోడ్డు బండికి అనవసరమని నా అభిప్రాయం. చూడ్డానికి బాగుంటుందనుకోండి!

బిగించేటప్పుడు ఒక సంగతి. చుట్టూ రబ్బరు తొడుగులు (బుష్‌లు) ఉన్న షాక్ బోల్టుల్ని బండి గాల్లో ఉండగా గట్టిగా బిగించకండి. చేత్తో తిప్పి వదిలేసి, చక్రాలు నేల మీద ఆనాక బిగించండి. లేదంటే బుష్ మెలిపడిన చోటే బిగుసుకుని త్వరగా చిరిగిపోతుంది. బ్లాక్ పెట్టినవాళ్లు కమానునీ యాక్సిల్‌నీ కలిపి పట్టే యూ బోల్టుల్ని కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోండి. నావి అర చుట్టు వదులయ్యాయి.