పరామర్శకు ఎవరూ రాలేని రోజుల్లో ఫోన్ పట్టుకుని మేలుకున్నవాళ్ళు

అందరికీ నమస్కారం అండి. ఈ రోజు కరోనా రోజుల గురించి మాట్లాడుకుందాం. "అయిపోయింది కదా, ఇప్పుడెందుకు ఆ గొడవ?" అని మా వైపు చాలామంది అంటున్నారు. మాస్కులు తీసేశాం, పెళ్ళిళ్ళు మళ్ళీ ఘనంగా చేసుకుంటున్నాం, నిజమే. కానీ అర్ధరాత్రి అంబులెన్స్ సైరన్ వినపడితే ఇప్పటికీ లేచి కూర్చునేవాళ్ళు మన కోనసీమలో ఉన్నారు. ఈ వీడియో వాళ్ళ కోసం, వాళ్ళతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళ కోసం.

2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. అప్పటికి జిల్లా ఇంకా విడిపోలేదు. అమలాపురం, కాకినాడ, రాజమండ్రి అన్నీ కలిపి ఒకటే తూర్పు గోదావరి. రాష్ట్రంలో ఎక్కువ కేసులు నమోదైన జిల్లా మనదే. అంతకుముందు ఏడాది ఆగస్టులో గోదావరి వరద కూడా వచ్చింది. ఒక పక్క మనిషికి దూరంగా ఉండమంటున్నారు, ఇంకో పక్క లంక గ్రామాలవాళ్ళు పునరావాస కేంద్రాల్లో ఒకే గదిలో పడుకోవాల్సి వచ్చింది. అంటే రెండో వేవ్ వచ్చేనాటికే జనం అలిసిపోయి ఉన్నారు.

మన వైపు ఇంట్లో మనిషి పోతే ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఊరు ఊరంతా వస్తుంది. వచ్చినవాళ్ళు పెద్దగా ఏమీ మాట్లాడరు. అరుగు మీదో, టెంటు కింద కుర్చీల్లోనో కూర్చుంటారు. పక్కింటివాళ్ళు కాఫీలు, భోజనాలు పంపిస్తారు. ఎవరో ఒకరు "ఎలా జరిగిందమ్మా?" అంటారు. ఆవిడ మొదటినుంచీ చెబుతుంది. ఇంకొకరు వస్తారు, మళ్ళీ మొదటినుంచీ చెబుతుంది. పెద్దకర్మ అయ్యేలోపు అదే సంగతి ఎన్నిసార్లు చెబుతుందో లెక్క ఉండదు. చెప్పగా చెప్పగానే మనిషి లేడన్న సంగతి మనసుకి ఎక్కుతుంది.

కరోనాలో మనం పోగొట్టుకున్నది అదండి. శవాన్ని కవర్లో చుట్టి ఇచ్చారు. మొహం చూడనివ్వలేదు. అంత్యక్రియలకి ఇంతమందే అని లెక్క పెట్టారు, ఆ కాస్తమంది కూడా భయపడి రాలేదు. రానివాళ్ళని నేను తప్పు పట్టను, ఆ రోజుల్లో భయం అలాంటిది. కానీ మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి పద్నాలుగు రోజులు ఒక్క గదిలో, తనకే పాజిటివ్ ఉండగా, ఒక్కర్తే ఉండిపోయింది. ఎలా జరిగిందని అడిగిన మనిషి లేరు.

మా తెలిసినవాళ్ళు కొందరు అప్పుడు వాట్సాప్‌లో ఒక గ్రూప్ పెట్టారు. బెడ్లు ఎక్కడున్నాయి, ఆక్సిజన్ సిలిండర్ ఎవరిస్తారు, దానికోసమే పెట్టారు. నేనూ ఉన్నాను. కొద్ది రోజుల్లోనే పగలు వచ్చే మెసేజ్‌లు వేరు, రాత్రి వచ్చేవి వేరు అని అర్థమైంది. పగలంతా బెడ్లు, ఇంజెక్షన్లు, ఊపిరితిత్తుల సీటీ స్కాన్ స్కోర్లు. రాత్రి ఒంటిగంట దాటాక "నిద్ర పట్టట్లేదు, ఎవరైనా ఉన్నారా?" అని.

ఆ టైములో ఉన్నదెవరో తెలుసా? కువైట్‌లో ఉన్న మన ఆడవాళ్ళు. మన కంటే అక్కడ గడియారం రెండున్నర గంటలు వెనక. వాళ్ళు ఇళ్ళల్లో పని ముగించుకుని ఫోన్ తీసేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. అందులో ఒక అక్క, సొంత నాన్న అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసింది. విమానాలు లేవు, రాలేకపోయింది. ఆ గ్రూప్‌లో రాత్రిళ్ళు ఎక్కువగా జవాబిచ్చింది ఆవిడే.

"అక్కా, ఆక్సిజన్ మీటర్ 97 చూపిస్తోంది, కానీ ఊపిరాడట్లేదు" అని ఒక కుర్రాడు పెట్టాడు. ఇలాంటివి ఎన్నో వచ్చేవి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. భయం పట్టుకుంటే మనిషి తెలియకుండానే గబగబా ఊపిరి పీలుస్తాడు. అలా పీల్చినప్పుడు ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతుంది. దానివల్ల వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ బిగుస్తుంది, తల తిరుగుతుంది. అచ్చం గాలి అందనట్టే ఉంటుంది. దాంతో ఇంకా భయపడి ఇంకా వేగంగా పీలుస్తాడు. అది నటన కాదు, పిరికితనం కాదు, ఒంట్లో నిజంగా జరిగేదే. అందుకే ఆ అక్క ముందు మీటర్ ఎంతో అడిగేది. 94 కంటే తగ్గితే మాటల్లేవు, వెంటనే 108, లేకపోతే డాక్టర్. బాగుంటే మాత్రం "నేను కూడా ఫోన్‌లోనే ఉన్నాను తమ్ముడూ, మెల్లిగా వదులు, పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి" అని వాయిస్ మెసేజ్ పెట్టేది. పది నిమిషాలకి మళ్ళీ "ఇప్పుడెలా ఉంది?" అనేది. ఆవిడ పెద్దగా చదువుకోలేదు. కానీ ఆ రాత్రి ఆ కుర్రాడికి కావాల్సింది, తనలాంటి రాత్రులు గడిపి బయటపడిన మనిషి ఒకరు.

ఇది కరోనాతో పుట్టిందేమీ కాదు. అమెరికాలో తాగుడు మానాలనుకున్నవాళ్ళు ఒకరికొకరు తోడుండే పద్ధతి 1935లోనే మొదలైంది. అనుభవించినవాడు చెబితే అనుభవిస్తున్నవాడు వింటాడు, దాని బలం అదే. సలహా తక్కువ, వినడం ఎక్కువ. మా గ్రూప్‌లో ఒక నియమం పెట్టుకున్నారు. "ధైర్యంగా ఉండండి" అని రాయకూడదు. నాకు ఇప్పటికీ నచ్చే నియమం అది. ఆ మాటతో అవతలివాళ్ళ నోరు మూతపడుతుంది, ఇంక చెప్పడానికేమీ మిగలదు. మందుల పేర్లు రాయకూడదు, ఫార్వర్డ్‌లు పెట్టకూడదు అని కూడా అనుకున్నారు.

అందరికీ అందిందా అంటే అందలేదు. ఇంటికి ఒకటే ఫోన్, అది కొడుకు చేతిలో ఉంటుంది. అత్తగారి ముందు కూర్చుని కోడలు తన బెంగ ఎలా చెప్పుకుంటుంది? డాబా మీదకి వెళ్ళి బట్టలు తీస్తున్నట్టు నిలబడి మాట్లాడినవాళ్ళు ఉన్నారు. మగవాళ్ళు ఇంకా తక్కువ మాట్లాడారు. చెరువుల్లో రొయ్య పోయి, అప్పు మీదపడి, ఇంట్లో ఒకరు పోయి, అన్నీ ఒకేసారి వచ్చినా గుడ్ మార్నింగ్ తప్ప ఒక్క మాట రాయనివాళ్ళని చూశాను. వాళ్ళ గురించే నాకు ఎక్కువ దిగులు.

గ్రూప్ మోయలేని బరువులు కూడా ఉన్నాయి. బతకాలని లేదు అని ఎవరైనా అంటే, ఆ మాట తేలిగ్గా తీసుకోకండి, మెసేజ్‌లతో సరిపెట్టకండి. వెంటనే ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్ళకి చెప్పండి, మనిషిని ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పోలీసు కేసు అవుతుందని ఇళ్ళల్లో దాచేస్తారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఏం చెబుతోందంటే, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉండి ఆ పని చేశాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం చికిత్స చేయించాలి అని. దాచకండి, దయచేసి.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అది కరోనాకి ముందు లెక్క. మొదటి ఏడాదిలోనే ప్రపంచంలో డిప్రెషన్, ఆందోళన 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. అయినా మన ఊళ్ళల్లో నిద్ర పట్టట్లేదని డాక్టర్ దగ్గరికి వెళితే "పిచ్చా?" అని అడిగేస్తారు. వైజాగ్ పెద్దాసుపత్రి దాకా వెళ్ళక్కర్లేదండి, కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లోనే సైకియాట్రీ విభాగం ఉంది. అంత దూరం కూడా వెళ్ళలేమంటే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్ అది. డబ్బులు అక్కర్లేదు, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకొక్కటి అడుగుతాను. 2020లోనో 2021లోనో మీ బంధువుల్లో, మీ వీధిలో ఎవరింట్లోనైనా మనిషి పోయి, మీరు అప్పుడు వెళ్ళలేకపోయి ఉంటే, ఇప్పుడు వెళ్ళండి. ఇన్నేళ్ళకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం అని మొహమాటపడకండి. కూర్చుని, ఎలా జరిగిందో అడగండి. వాళ్ళు మొదటినుంచీ చెబుతారు, చాలాసేపు పడుతుంది. తొందర పని లేని రోజు చూసుకుని వెళ్ళండి.