జన్యు చికిత్స కంపెనీలో ఎవరున్నారు?

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో బయోటెక్నాలజీ చదువుతున్న పిల్లలున్నారు. జన్యు వ్యాధి ఉన్న బిడ్డల్ని పెంచుతున్న తల్లిదండ్రులూ ఉన్నారు. వీళ్లకు ఉద్యోగం కావాలి, వాళ్లకు మందు కావాలి. ఇద్దరూ అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే. జన్యు చికిత్స చేస్తామంటున్న కంపెనీలో ఎవరెవరున్నారు? ఇంతకుముందు ఏం చేశారు? మందు సక్సెస్ అయితే వాళ్లకేం ముడుతుంది?

మామూలు మాత్ర పడకపోతే మానేస్తాం. ఇక్కడ ఆ వీలుండదు. వైరస్‌లోంచి దాని సొంత జన్యువులు తీసేసి, మనకు కావలసిన జన్యువును పెట్టి ఒంట్లోకి పంపుతారు. దాన్నే వెక్టర్ అంటారు. లోపలికి వెళ్లాక వెనక్కి తీయలేం. దాని మీద యాంటీబాడీలు పుడతాయి కాబట్టి, రక్తంలోకి ఒకసారి ఇచ్చిన వెక్టర్‌ను మళ్లీ ఇవ్వడం సాధారణంగా కుదరదు. బిడ్డకు దొరికేది ఒక్క అవకాశం. అందుకే ఆ మందు మీద నిర్ణయాలు తీసుకున్న మనుషులెవరో తెలుసుకోవాలంటాను.

అమెరికాలోని ఫిలడెల్ఫియా సంగతి చెబుతాను. 1999 సెప్టెంబర్‌లో అక్కడి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు జన్యు చికిత్స ప్రయోగంలో చనిపోయాడు. కాలేయంలో ఒక ఎంజైమ్ లోపించి రక్తంలో అమ్మోనియా పేరుకుపోయే జబ్బు అతనిది. మందులతో, పథ్యంతో నెట్టుకొస్తున్నాడు. ఇదే జబ్బుతో పుట్టే పసిపిల్లలకు మేలు జరుగుతుందని ప్రయోగానికి ఒప్పుకున్నాడు. అడినోవైరస్ వెక్టర్ ఎక్కించిన నాలుగు రోజులకు ప్రాణం పోయింది. ఆ ప్రయోగానికి నాయకత్వం వహించిన శాస్త్రవేత్తకూ, విశ్వవిద్యాలయానికీ కూడా ఆ పరిశోధనతో ముడిపడిన జెనోవో అనే కంపెనీలో వాటాలున్నాయని తర్వాత పెద్ద చర్చ నడిచింది. వాటా ఉన్నంత మాత్రాన తప్పు చేశారని అనలేం. కానీ కొడుకును పోగొట్టుకున్న తండ్రికి ఆ అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

అదే విశ్వవిద్యాలయంలో ఆ రోజుల్లోనే జీన్ బెన్నెట్, ఆల్బర్ట్ మగ్వైర్ అనే దంపతులు కంటి జబ్బు మీద పనిచేస్తున్నారు. ఆమెది ల్యాబ్, ఆయనది రెటీనా సర్జరీ. ఆర్‌పీఈ65 అనే జన్యువు పాడైతే పిల్లలకు చిన్నప్పటి నుంచే చూపు మందగిస్తుంది. చీకటిపడితే దాదాపు ఏమీ కనిపించదు. పెద్దయ్యేకొద్దీ ఉన్న చూపూ పోతుంది. బ్రియార్డ్ జాతి కుక్కల్లోనూ ఇదే లోపం ఉంది. అలాంటి కుక్కలకు చూపు తెప్పించామని వీళ్ల బృందం 2001లో ప్రకటించింది. వాటిలో లాన్సెలాట్ అనే కుక్కను అమెరికా చట్టసభ సభ్యుల ముందుకు కూడా తీసుకెళ్లారు.

నాకు దానికంటే గొప్పగా అనిపించేది తర్వాతి సంవత్సరం వాళ్లు చేసిన పని. ఈ చికిత్స పద్ధతి మీద పేటెంట్ ఇద్దరి పేర్లతోనూ ఉంది. అయినా 2002లో దాని మీద వచ్చే ఆర్థిక ప్రయోజనాలన్నీ వదులుకున్నారు. మనుషుల మీద ప్రయోగం చేయాలంటే, పిల్లవాడి కంట్లో సూది పెట్టే చేతికి లాభంతో సంబంధం ఉండకూడదు కదా! ఈ ఒక్క విషయం విద్యార్థులు రాసి పెట్టుకోవాలి.

ఇక కేథరిన్ హై. ఆమె హెమటాలజిస్టు, అంటే రక్త వ్యాధుల డాక్టరు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని హీమోఫీలియా మీద ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో దశాబ్దాలు పనిచేశారు. ఆమె జన్యు చికిత్సతో కుక్కల్లో సాధించిన ఫలితం మనుషుల్లో నిలవలేదు. ఒక రోగిలో, లోపించిన ఫ్యాక్టర్ 9 అనే రక్తం గడ్డకట్టించే ప్రోటీన్ సాధారణ స్థాయిలో పదోవంతుకు పైగా పెరిగింది. కొన్ని వారాలకు మళ్లీ పడిపోయింది. కాలేయం దెబ్బతింటోందనడానికి గుర్తుగా లివర్ ఎంజైములు పెరిగాయి. ఎందుకని వెతికితే, వెక్టర్ పైతొడుగు మీదికి రోగి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలే దాడి చేశాయని తేలింది. ఆ వెక్టర్‌ను ఏఏవీ (అడినో-అసోసియేటెడ్ వైరస్) నుంచి చేశారు. ఏఏవీ మనుషులకు మామూలుగా సోకే వైరస్, దాన్ని మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపెట్టుకుంటుంది. కుక్కల్లో ఈ సంగతి బయటపడలేదు. 2006లో ఆమె బృందం దీన్ని వివరంగా ప్రచురించింది. తర్వాతి ప్రయోగాల్లో డాక్టర్లు లివర్ ఎంజైములు పెరగగానే స్టెరాయిడ్లు మొదలుపెట్టడం వెనక ఈ పాఠం ఉంది. తమ మందు ఎందుకు పనిచేయలేదో తామే తవ్వి లోకానికి చెప్పిన వాళ్లు ఏ కంపెనీలోనైనా ఒకరుండాలి.

హై ఆ ఆసుపత్రిలోనే జన్యు చికిత్స కేంద్రాన్ని నడిపారు. అక్కడ వెక్టర్ తయారీ చూసింది ఫ్రేజర్ రైట్. తయారీ వాళ్ల పేర్లు పేపర్లలో రావు. కానీ ప్రతి బ్యాచ్‌లో జన్యువు నిండిన వైరస్‌లు ఎన్ని, ఖాళీ తొడుగులు ఎన్ని, కల్తీ ఏమైనా ఉందా అని తేల్చేది వాళ్లే. జీనోమ్ వ్యాలీకి వెళ్లాలనుకునే పిల్లలు ఈ పనిని చిన్నచూపు చూడకండి.

బెన్నెట్ దంపతుల చికిత్సను హై కేంద్రం అండతో 2007లో మనుషులకు మొదలుపెట్టారు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. చూపు బాగుపడిందని ఎలా కొలవాలి? గోడ మీది అక్షరాలు చదివించే పరీక్ష చీకట్లో చూపు గురించి చెప్పదు. అందుకని వాళ్లే ఒక పరీక్ష తయారుచేసుకున్నారు. నేల మీద బాణం గుర్తులుంటాయి, దారిలో అడ్డంకులుంటాయి. పిల్లవాడు ఒక కంటికి గంత కట్టుకుని, తర్వాత రెండు కళ్లతో, వాటిని తగలకుండా నడవాలి. వెలుతురు 400 లక్స్ నుంచి 1 లక్స్ దాకా, అంటే ఆఫీసు గది వెలుగు నుంచి దాదాపు వెన్నెల లేని రాత్రి దాకా, ఏడు మెట్లుగా మారుస్తారు. దారి కంఠతా పట్టకుండా 12 రకాల అమరికలు పెట్టారు. మూడో దశ ప్రయోగంలో చికిత్స పొందిన 20 మందిలో 13 మంది ఏడాది తర్వాత 1 లక్స్ దగ్గర పాసయ్యారు. చికిత్స ఇవ్వని వాళ్లలో ఒక్కరూ కాలేదు. డాక్టరు, శాస్త్రవేత్త కలిసి కూర్చుంటేనే ఇలాంటి పరీక్ష పుడుతుంది.

2013లో ఆ ఆసుపత్రి సొంత పెట్టుబడితో స్పార్క్ థెరప్యూటిక్స్ అనే కంపెనీ పుట్టింది. సీఈఓ జెఫ్రీ మరాజో మేనేజ్‌మెంట్ చదివిన యువకుడు. హై పరిశోధన విభాగాన్ని చేపట్టారు. ఆసుపత్రి అధిపతి స్టీవెన్ ఆల్ట్‌షూలర్ బోర్డు ఛైర్మన్. డబ్బు లెక్క చూసేవాళ్లు, జబ్బు తెలిసినవాళ్లు వేర్వేరు కుర్చీల్లో కూర్చున్నారు. 2017 అక్టోబర్‌లో, బెన్నెట్ దంపతుల కంటి చికిత్సకు అనుమతి ఇవ్వొచ్చా అంటే, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 16 మందీ అవునన్నారు. డిసెంబర్‌లో లక్స్‌టర్నా అనే పేరుతో దానికి అనుమతి వచ్చింది. వంశపారంపర్య జబ్బుకు నేరుగా ఒంట్లోకి ఇచ్చే జన్యు చికిత్సకు అమెరికా ఇచ్చిన మొదటి అనుమతి అదే.

ధర రెండు కళ్లకు 8,50,000 డాలర్లు. నా మనసు ఇక్కడ ఒప్పుకోదు. పని చేయకపోతే కొంత డబ్బు వాపసు ఇస్తామని బీమా కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్నారు, నిజమే. కానీ మన దగ్గర ఏ కుటుంబం కట్టగలదు? 2019లో రోష్ కంపెనీ స్పార్క్‌ను సుమారు 430 కోట్ల డాలర్లకు కొనేసింది. స్పార్క్‌లో మొదలైన హీమోఫీలియా-బి మందు ఫైజర్ చేతికి వెళ్లి 2024లో అమెరికాలో అనుమతి పొందింది. 2025లో గిరాకీ లేదని ఫైజర్ దాన్ని ఆపేసింది. శాస్త్రం గెలిచినా కంపెనీ వెనక్కి తగ్గవచ్చు. తల్లిదండ్రులు ఇది కూడా తెలుసుకోవాలి.

మన ఊళ్లలో చందాలు పోగుచేసిన 16 కోట్ల ఇంజెక్షన్ గుర్తుంది కదా, కండరాలు క్షీణించే ఎస్ఎంఏ జబ్బుకిచ్చే జోల్‌జెన్‌స్మా? అందులో వాడే ఏఏవీ9 వెక్టర్ జెస్సీ ప్రయోగాన్ని నడిపిన ల్యాబ్ నుంచే వచ్చింది. ఆ ల్యాబ్ పని మానలేదు, అది కూడా చెప్పాలి. ఆ మందును తయారుచేసిన అవెక్సిస్ కంపెనీలో జంతు పరీక్షల అంకెల్లో కొన్ని తారుమారు అయ్యాయి. 2019 మార్చిలోనే కంపెనీకి తెలిసినా, మే నెలలో అనుమతి వచ్చాకే ఎఫ్‌డీఏకి చెప్పింది. మనుషుల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలకు దీనితో ఢోకా లేదని, మందు మార్కెట్‌లో ఉండాలని ఎఫ్‌డీఏ అంది. మందు మంచిదే. అయినా ఆ ఆలస్యం నన్ను కలవరపెడుతుంది.

మన దేశంలోనూ ఈ పని చేస్తున్న మనుషులున్నారు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో అలోక్ శ్రీవాస్తవ బృందం హీమోఫీలియా-ఎ ఉన్న ఐదుగురికి రోగి మూలకణాల్లోనే జన్యువును చేర్చి ఎక్కించింది. ఆ ఫలితాలు 2024 డిసెంబర్‌లో వచ్చాయి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వంశపారంపర్య రెటీనా జబ్బుల జన్యువుల మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. మేనరికాలు చేసుకునే మన ప్రాంతాల్లో, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి పాడైన కాపీలు కలిసే జబ్బులు ఎక్కువ. ఏ జన్యువు పాడైందో తేలకపోతే ఏ కంపెనీ మందూ పనికిరాదు. ముందుగా ఆ జన్యు పరీక్ష చేయించండి.

ఎవరైనా ట్రయల్‌కి రమ్మంటే, వెక్టర్ ఎవరు తయారుచేస్తున్నారో, ఏ డాక్టరు ఇస్తున్నారో, ఆయనకు కంపెనీలో వాటా ఉందో లేదో అడగండి. కంపెనీ చేతులు మారితే మీ బిడ్డను ఎవరు చూస్తారో కూడా అడగండి. లక్స్‌టర్నా ట్రయల్‌లోని వాళ్లను 15 ఏళ్ల పాటు చూస్తామని రాసిపెట్టుకున్నారు. అలాంటి కాగితం మీ చేతికి ఇస్తారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక మీ ప్రశ్నలు వింటాను. ముందు తల్లిదండ్రులు అడగండి.